నాలుగో పట్టీ

పోయిన నెల పెద్దకర్మ కార్డు ఒకటి వచ్చింది. ఫోటోలో ఉన్నాయన కోటు తొడుక్కుని, టై కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. ఎవరో తెలియక రెండుసార్లు కార్డు తిప్పి చూశాను. కవరు మీద అడ్రసు నాదే. చివరికి చెవులు చూసి పోల్చుకున్నాను. ఆ కుడిచెవి వెనక ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. స్టూడియో వాడు బీడీ తీసేసి కోటు తొడిగాడు. పదకొండేళ్లు ఆయన వ్యానులో తిరిగిన నేను ఆయన పూర్తి పేరు ఆ కార్డులోనే మొదటిసారి చదివాను. అది ఇక్కడ రాయను. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన పంతులమ్మా అనేవాడు. మా ఇద్దరికీ అది సరిపోయింది.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. కాళ్లు ఉన్నాయి గానీ వాటికి నాతో మాటల్లేవు. తొంభైల చివర్లో సోషల్ టీచరుగా ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు చీమకుర్తిలో, బడేమో పొదిలి రోడ్డులో ఇరవై కిలోమీటర్ల అవతల ఊళ్లో. మొదటి నెల బస్సులో వెళ్లాను. వెళ్లానంటే, నన్ను ఎక్కించారు. కండక్టరుది ఒక చెయ్యి, ఎవరో రైతుది ఒక చెయ్యి, ఎవరిదో తెలియని చెయ్యి ఇంకొకటి. ఎక్కడ పట్టుకోమంటారని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. జాలి పడేవాళ్లకి అడగాల్సిన అవసరం ఉండదు. నా చక్రాల కుర్చీని మాత్రం టాపు మీదికి ఎక్కించి వంకాయ గంపల పక్కన పడేసేవాళ్లు. ఒకరోజు నన్ను దించారు, కుర్చీని దించడం మరిచిపోయారు. నేను బడి ముందు కల్వర్టు మీద కూర్చున్నాను. కుర్చీ పొదిలి వెళ్లి, ఊరు చూసుకుని, తిరుగు బస్సులో మధ్యాహ్నానికి వచ్చింది. ఆ రోజు రెండు పీరియడ్లు కల్వర్టు మీదే చెప్పాను. పిల్లలు చాలా శ్రద్ధగా విన్నారు, రోడ్డు మీద ఏ బండి పోతున్నా సరే.

అప్పుడు మా అన్నయ్య ఈయన్ని పట్టుకొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. పాత వ్యాను ఉంది, దాంట్లో టిక్కీలు, అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాలు, వేరుశనక్కాయల బస్తాలు వేస్తుంటాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు గ్రానైట్ క్వారీలో పనిచేశాడు. ఆయన పని రాయి కొట్టడం కాదు, కోయడం కాదు, కట్టడం. క్రేను రాయిని లారీ మీద పెట్టాక, దానికి కింద చెక్కలు బిగించి, నాలుగు వైపులా గొలుసులు వేసి, లారీతో కలిపి ఒకటి చేయడం. ఆయన కేకేసే దాకా డ్రైవరు తాళం తిప్పడానికి వీల్లేదు.

మొదటిరోజు వచ్చి నావైపు చూడలేదు. కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని కింది గొట్టాల్ని గోటితో కొట్టి విన్నాడు.

"బరువెంత?" అన్నాడు.

"నాదా, కుర్చీదా?"

"రెండూ."

చెప్పాను. "ఇరవై టన్నుల రాయి కట్టినోణ్ణి, ఇదెంత!" అన్నాడు. అని వెంటనే నాలిక కరుచుకుని, "అట్టా అనుకోకూడదులే," అని తనకి తనే చెప్పుకున్నాడు.

మా అన్నయ్య కుర్చీకి ఉన్న బ్రేకులు వేసి చూపించి, దీనికి ఇవి ఉన్నాయి కదా, ఇంకా కట్టడమెందుకు అన్నాడు. అన్నయ్య మిరపా పొగాకూ పండించే మనిషి, ఏ పనైనా ఎంత తొందరగా తెముల్తుందా అని చూస్తాడు.

"ఈ బ్రేకు చక్రానికండీ, కుర్చీకి కాదు. నేను సడన్ బ్రేకు ఏస్తే బండి ఆగిద్ది. మీద ఉన్నది ఆగదు. బండి ఆగిన సంగతి దానికి తెలవదు గదా."

రెండ్రోజుల తర్వాత వ్యాను నేలకి నాలుగు ఇనప కొక్కేలు వెల్డింగ్ చేయించుకుని వచ్చాడు. వెనక తలుపు దగ్గర రెండు వెడల్పాటి చెక్కలు వాల్చి నన్ను కుర్చీతో సహా లోపలికి నెట్టాడు. నాలుగు నైలాన్ పట్టీలు తీశాడు, లారీల మీద సరుకు బిగించేవి. ముందు రెండు, వెనక రెండు. చక్రాలకి కట్టలేదు, అవి తిరుగుతాయని. చేతులు ఆనించుకునేచోట కట్టలేదు, అవి ఊడొస్తాయని. కింద గొట్టాలు కలిసే మూలల్లో కట్టి, కొక్కేలకి ఏటవాలుగా లాగి బిగించాడు. కిటికీ వైపు తిప్పి కూర్చోబెడితే నాకు పొలాలు కనపడతాయని అన్నయ్య ముచ్చటపడ్డాడు. ఈయన ఒప్పుకోలేదు. "అడ్డంగా పెడితే బ్రేకు కొట్టినప్పుడు పక్కకి ఒరిగిద్ది. పొలాలు రేపూ ఉంటయ్," అన్నాడు.

కట్టడం అయ్యాక కుర్చీ వెనక పిడులు పట్టుకుని, తగాదాకి వచ్చినవాడిలా మూడుసార్లు గట్టిగా ఊపాడు. నా పళ్లు కదిలాయి గానీ కుర్చీ కదల్లేదు. అప్పుడు వ్యాను దిగి, తలుపు వేసి, ఊరందరికీ వినపడేలా "ఇక పోనివ్వచ్చు!" అని అరిచాడు. అరిచి, ముందుకు నడిచి వెళ్లి, స్టీరింగు ముందు కూర్చుని, "సరే" అన్నాడు. క్వారీలో ఆ కేక ఈయనది, ఆ సరే డ్రైవరుది. ఇప్పుడు రెండూ ఈయన మీదే పడ్డాయి. పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా కేక లేకుండా సరే అనలేదు. సరే లేకుండా బండి కదల్లేదు.

నాలుగోరోజు మా ముందు పోతున్న గ్రానైట్ లారీ ఒకటి ఏ సూచనా లేకుండా ఆగింది. ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. కుర్చీ ఆగింది. నేను ఆగలేదు.

ముందున్న మిరపకాయల టిక్కీల మీద పడ్డాను. ఒక టిక్కీ పగిలింది. బాబాయ్ పరుగున వచ్చి వెనక తలుపు తీశాడు. తీసి, కుర్చీ వైపు చూశాడు. ఆ మొహంలో వెలుగు నేనిప్పటికీ మరిచిపోలేదు.

"చూశారా పంతులమ్మా! ఎంట్రుకవాసి కదల్లేదు!"

టిక్కీల మీద నుంచి నేను తుమ్మాను. అప్పుడు చూశాడు, కుర్చీలో ఎవరూ లేరని. కాసేపు కుర్చీనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "రాయైతే రాయంతా ఒకటే," అని గొణిగాడు. చెవి వెనక బీడీ తీసి, వెలిగించకుండా మళ్లీ అక్కడే పెట్టాడు. దగ్గరికి వచ్చి, నన్ను ఎత్తబోయి, ఆగిపోయాడు.

"ఎక్కడ పట్టుకోవాలమ్మా?"

నాకప్పటికి ఇరవై ఆరేళ్లు. కొన్ని వందలమంది నన్ను ఎత్తి ఉంటారు. ఆ మాట అడిగినవాడు ఈయనొక్కడే. నుదురు బొప్పి కట్టి, కళ్లు మంటెత్తి ఏడుస్తున్నాను. మిరపకాయల వల్లే అని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టమని చెప్పాను. అలాగే పెట్టాడు.

ఇంటికి వెళ్లాక అన్నయ్య నా నుదురు చూసి, "చాలమ్మా నీ ఉద్యోగం. రేపటి నుంచి మానెయ్. ఇంట్లో నీకేం తక్కువ?" అన్నాడు. ఇంట్లో నాకేమీ తక్కువ లేదు, నిజమే. వసారాలో చాపేసి, మిరపకాయలు కుప్పపోసి, తొడిమలు తీయమనేవాళ్లు. ఉద్యోగం రాకముందు ఏడేళ్లు తీశాను. ఈ జిల్లాలో నాకంటే వేగంగా తొడిమ తీసేవాళ్లు ఉండరు. ఆ పేరు నాకు అక్కర్లేదు. బడికి పోయే దారి మూసుకుపోతే మళ్లీ ఆ చాప మీదికే. రాత్రంతా అదే భయం.

పొద్దున్నే వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. బాబాయ్ చేతిలో పాత కారు సీటు బెల్టులు రెండు ఉన్నాయి, ఒంగోలులో పాత ఇనప సామాన్ల కొట్లో వెతికి తెచ్చాడట. అన్నయ్య అరుగు మీద నుంచే అందుకున్నాడు.

"ఏవయ్యా, మళ్లీ ఏ మొహం పెట్టుకుని వచ్చావ్?"

"తప్పు నాదేనండీ. కుర్చీని కట్టా, మనిషిని మర్చిపోయా. కుర్చీని బండికి కట్టాల, మనిషినీ బండికే కట్టాల. దేనికది."

"మా చెల్లెల్ని బస్తా కట్టినట్టు కడతావా?"

"బస్తానైతే అడక్కుండా కడతానండి. పంతులమ్మని అడిగి కడతా."

అన్నయ్య ఇంకో మాట వెతుక్కునేలోపే నేను కుర్చీ నడుపుకుంటూ వెళ్లి చెక్కల ముందు నిలబెట్టాను.

మొదట బెల్టు పొట్ట మీద వేశాడు. లోపల నాలుగు ఇడ్లీలున్నాయి, కుదరదన్నాను. మరెక్కడ అన్నాడు. తుంటి ఎముకల మీదికి దించాం. ఇంకో బెల్టు భుజం మీద నుంచి వచ్చేలా వ్యాను పక్కకమ్మీకి బిగించాడు. అది మొదట మెడకి ఒరుసుకునేది, రెండ్రోజులు తిప్పలు పడి కొక్కెం కిందికి జరిపాడు. నేను బెల్టు పెట్టుకునేంతసేపూ మొహం రోడ్డు వైపు తిప్పుకుని నిలబడేవాడు. బెల్టు బకిలు మాత్రం నా కుడిచేతికి అందేలా ఉండాలని పట్టుబట్టాడు. "నేను స్టీరింగు మీద పోయాననుకోండి, మీరు ఊడదీసుకుని బయటపడాల గదా," అన్నాడు. ఏమీ కానట్టు, అన్నం తిన్నారా అని అడిగినట్టు అన్నాడు.

అలా నేను ఉద్యోగస్తురాలినయ్యాను. మిరప సీజనులో మాత్రం నాతోపాటు ఘాటు కూడా బడికి వచ్చేది. నేను క్లాసులోకి రాగానే ముందు బెంచీ తుమ్మేది. హెడ్మాస్టరు నా హాజరు ఆ తుమ్ముల్ని బట్టే తెలుసుకునేవాడు.

బాబాయ్‌కి అన్ని మాటలూ ఒకటే, ఒక్క మాట తప్ప. ఎవరైనా "పర్లేదు" అంటే ఇంజను ఆపేసేవాడు. కోపంగా కాదు, ఊరికే తాళం తిప్పేసి కూర్చునేవాడు. ఒకసారి మా సైన్సు మాస్టారు లిఫ్టు అడిగి ఎక్కి, బస్తాల మీద కూర్చుని, పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా "పర్లేదులే బాబాయ్, పోనీ" అన్నాడు. బండి ఆగిపోయింది. మాస్టారికి అర్థం కాలేదు. నేను చెప్పలేదు, ఆయన నా టైంటేబులు మార్చిన వారం అది. చివరికి మాస్టారు దిగి నడిచి వెళ్లాక బండి స్టార్టయింది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు పైనుంచి కాగితం వచ్చింది. వికలాంగుల కోటాలో చేరిన టీచర్లంతా ఒంగోలులో డాక్టర్ల ముందు హాజరై మళ్లీ చూపించుకోవాలి. పది గంటలకి రిపోర్టు చేయనివాళ్లని ఉద్యోగంలోంచి తీసేస్తారని టీచర్లందరూ అనుకుంటున్నారు. నేను తొమ్మిదింటికల్లా వ్యానులో ఉన్నాను. మూడు పట్టీలు బిగించాడు. నాలుగోది తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు. ముందురోజు వేరుశనక్కాయలు వేశాడట, ఎలుక వచ్చింది. పట్టీని సగం దాకా కొరికింది.

"మూడున్నాయిగా. పర్లేదు బాబాయ్, పదండి," అన్నాను. అన్నాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు.

వెళ్లి, బండి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"బాబాయ్, నా ఉద్యోగం పోతుంది!"

"పోతే ఇంకో పరీక్ష రాయొచ్చు."

"మీరు రాస్తారా?"

"నాకు సంతకమే రాదు," అని, కొత్త పట్టీ కోసం క్వారీ రోడ్డు వైపు నడుచుకుంటూ పోయాడు. పరుగెత్తను కూడా లేదు.

నలభై నిమిషాలు. నేను మూడు పట్టీలతో, రెండు బెల్టులతో, కదలని వ్యానుకి కట్టేసి ఉన్నాను. దిగి ఇంకో బండి చూసుకుందామంటే దిగలేను. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. టీచరుని కాబట్టి నాకు వచ్చినవి తక్కువ, అవే మళ్లీ మళ్లీ తిట్టాను. ఆయన తిరిగొచ్చి, నా తిట్లు వింటూనే నాలుగో పట్టీ బిగించి, మూడుసార్లు ఊపి, దిగి, "ఇక పోనివ్వచ్చు!" అని అరిచి, వెళ్లి కూర్చుని, "సరే" అన్నాడు. ఆ రోజు ఆ సరే వింటే పీక పిసకాలనిపించింది.

పదిన్నర దాటాక చేరాం. డాక్టర్లు ఇంకా రాలేదు. వచ్చాక మేడ మీద కూర్చున్నారు. నడవలేనివాళ్లని చూడాల్సిన క్యాంపు మేడ మీద పెట్టారు, మెట్లు ఇరవై రెండు. నలుగురు కుర్రాళ్లు పుణ్యానికి సిద్ధమై నా కుర్చీ ఎత్తబోయారు. బాబాయ్ అడ్డం నిలబడ్డాడు. "మెట్ల మీద దీన్ని కట్టేది ఎక్కడ?" అని వాళ్లని అడిగాడు. తనే పైకెళ్లాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. కాసేపటికి ఒక డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకుని, వెనక్కి చూసుకుంటూ కిందికి దిగాడు.

"నడవగలరా?"

"లేదండీ."

"సంతకం పెట్టండి," అన్నాడు. అంతే పరీక్ష. ఉద్యోగం ఉంది.

తిరుగు ప్రయాణమయ్యాం. సంతనూతలపాడు దాటాక ఆయనే, అద్దంలోకి చూడకుండా, మొదలుపెట్టాడు.

"ఆ రోజు క్వారీలో గూడా మూడే ఉన్నయ్. నాలుగో గొలుసు ఏరే లారీకి పోయింది. పక్కనే ఉన్న కటింగు ఫ్యాక్టరీకి పోవాల, నాలుగు కిలోమీటర్లు. పోనిచ్చాం. గేదె అడ్డమొస్తే బ్రేకు కొట్టాడు. బండి ఆగింది. రాయి క్యాబిన్లోకి పోయింది."

"డ్రైవరు?"

"మా తమ్ముడు."

ఎదురొచ్చిన గ్రానైట్ లారీకి దారిచ్చి, మళ్లీ అందుకున్నాడు.

"పర్లేదులే అని ఎవురో ఒకళ్లం అన్నాం. వాడన్నాడో, నేనన్నానో. ఎంత తన్నుకున్నా గుర్తు రావట్లా."

నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. పొద్దున నలభై నిమిషాలూ నేను ఆయన్ని తిట్టింది ఎందుకో, ఆయన ఆ నలభై నిమిషాలూ ఎందుకు నడిచాడో పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. క్షమించండి బాబాయ్ అన్నాను. "భుజం మీద బెల్టు వదులుగా ఉన్నట్టుంది, చూసుకోండి," అన్నాడు.

అన్నిరోజులు అంత బిగించి కట్టినందుకు తర్వాత ఏమైనా జరిగిందా అంటే, ఏమీ జరగలేదు. ఆ మొదటి వారం తర్వాత అంత గట్టి బ్రేకు మళ్లీ పడలేదు. పదకొండేళ్లు రోజుకి రెండుసార్లు ఆయన రాని ప్రమాదానికి కట్టాడు. వ్యాను పాతబడిపోయి తుక్కుకి వెళ్లేరోజు, నాలుగు పట్టీలూ, రెండు బెల్టులూ ఉతికి, ఆరబెట్టి, చుట్టలు చుట్టి నాకు తెచ్చిచ్చాడు. నేను బడి పక్కన ఇల్లు అద్దెకి తీసుకున్నాను. ఎప్పుడైనా బండి మాట్లాడుకుని ఎక్కడికైనా పోతే పట్టీల సంచీ నా ఒళ్లోనే ఉంటుంది. కొత్త డ్రైవర్లు అందులో టిఫినుందనుకుంటారు.

కొన్నాళ్లకి ఆయనకి పక్షవాతం వచ్చిందని, కుడిపక్క పడిపోయిందని, మాట పోయిందని తెలిసింది. చూడటానికి వెళ్లాను. నేను వెళ్లేసరికి గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లడానికి అద్దె వ్యాను వచ్చి ఉంది. గోడకి ఆనించి ఉన్న మా పాత చెక్కలు తెచ్చి వాల్చి, వాటి మీదుగా ఆయన్ని చక్రాల కుర్చీతో వ్యాను ఎక్కించారు. బీడీ ఎడమచెవి వెనక ఉంది. "డాక్టరు తాగొద్దన్నాడమ్మా. ఊరికే అక్కడ ఉంచా, ఆ చెయ్యి అందుద్దని," అంది వాళ్లావిడ.

అల్లుడు ఆయన గుండెల చుట్టూ తువ్వాలు చుట్టి కుర్చీకి కట్టాడు. డ్రైవరు కుర్చీ బ్రేకులు వేశాడు.

"కుర్చీని దేనికి కట్టారు?" అన్నాను.

"బ్రేకులేశాగా మేడమ్. పర్లేదు," అని డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

బాబాయ్ తల తిప్పలేకపోయాడు. కళ్లు మాత్రం నావైపు తిప్పాడు. పని చేస్తున్న ఎడమచెయ్యి గాల్లో తాళం తిప్పుతోంది.

"ఇంజను ఆపవయ్యా!" అని అరిచాను. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. డ్రైవరు ఆపేశాడు. నన్ను కూడా ఆ చెక్కల మీదుగా ఎక్కించమన్నాను. వ్యాను నేల మీద వెనక సీట్లు తీసేసిన చోట ఇనప పట్టాలు ఉన్నాయి. కుర్చీలో ఉన్నదాన్ని కాబట్టి ఆ ఎత్తులో పని నాకు సులువే. ఒళ్లో సంచీలోంచి పట్టీలు తీసి ఆ పట్టాలకి కట్టాను, ముందు రెండు, వెనక రెండు. గొట్టాలు కలిసే మూలల్లో. తువ్వాలు విప్పేశాను. సంచీలోంచి నా బెల్టు తీసి, ఆయన ముందు పట్టుకుని, అడిగాను.

"ఎక్కడ కట్టమంటారు బాబాయ్?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కళ్లలోనూ అంతే, ఈసారి దగ్గర్లో మిరపకాయలు కూడా లేవు. ఎడమచేత్తో తుంటి ఎముక చూపించాడు. కొసలు రెండూ పట్టాలకి బిగించి అక్కడే కట్టాను. బకిలు ఎడమచేతికి అందేలా పెట్టాను.

కుర్చీ పిడులు ఆయనకి అందవు. అందుకని కూర్చున్నచోటనే ఒంటిని ముందుకీ వెనక్కీ ఊపాడు. ఒకటి. రెండు. మూడోసారికి కుర్చీ వెనక కుడివైపు కొంచెం జరిగింది. నావైపు చూశాడు, జవాబు తప్పు చెప్పిన పిల్లల వైపు నేను చూసినట్టు. నాలుగో పట్టీ వదులుగా ఉంది. విప్పి, లాగి, మళ్లీ బిగించాను. మళ్లీ మూడుసార్లు ఊపుకున్నాడు. ఎంట్రుకవాసి కదల్లేదు.

నన్ను దించారు. తలుపు వేశారు. డ్రైవరు తాళం మీద చెయ్యి పెట్టి, నావైపు భయంగా చూస్తూ కూర్చున్నాడు. వీధంతా వినపడేలా అరిచాను.

"ఇక పోనివ్వచ్చు!"

లోపల నుంచి, సగం నోటితో, వంకరగా, ఆలస్యంగా, నేను పదకొండేళ్లు విన్న ఆ ఒక్క మాట వచ్చింది. అప్పుడు డ్రైవరు తాళం తిప్పాడు.